వెనక ఎవరూ లేరు

వారంలో అయిదు రోజులు
నలభై ఒక్క మంది పిల్లల్ని మోస్తాను.
పసుపు బస్సు. గంటకి పాతిక మైళ్ళు.
రైలు పట్టాల ముందు ఆపి, తలుపు తెరిచి
చెవి పెట్టి వినాలని రూలు.

ఆదివారం మాత్రం
ఎవరో కుర్రాడు ముద్దుగా పాడుచేసి
అయినకాడికి అమ్ముకున్న కారు నాది.
ఎర్రది. ఎర్రదే అనుకోండి, ఒక తలుపు నలుపు.
నేలకి నాలుగు వేళ్ళ ఎత్తు.
డిక్కీ మీద ఇస్త్రీబల్లంత రెక్క.
తాళం తిప్పితే చాలు, పక్కింటి మిసెస్ యోడర్
కిటికీ తెర పక్కకి జరుగుతుంది.
పైన పటారం, లోన లొటారం.

కాన్సస్ గోధుమచేల నడుమ
విమానాలు మరిచిపోయిన రన్‌వే.
చెకింగ్ చేసే రాండెల్ బ్యాటరీని పట్టి ఊపాడు,
చక్రాలు ఊపాడు,
కార్లో కదిలేవన్నీ బయట పెట్టమన్నాడు.
సీటు కింద ఎండిన బంగాళాదుంప ముక్కలు మూడు,
ఆ కుర్రాడి జిమ్ కార్డు,
ఎప్పుడో పోయాయనుకున్న బస్సు తాళాలు.

"కొత్తా?"
"కొత్తే."
"స్ప్రింగులు మార్చారు, టర్బో పెట్టారు, ఆ రెక్కొకటి.
మార్చిన ప్రతి బోల్టూ మిమ్మల్నో మెట్టు ఎక్కించిందమ్మా.
మీరు ఆరితేరినవాళ్ళ గుంపులోకే."
బళ్ళో వేసిన రోజే పెద్దపరీక్ష.

మూడుసార్లు నడిచాను ఆ దారి.
పడుకున్న కోను ఎటు వెళ్ళాలో చూపిస్తుంది.
నిలబడ్డ కోను తగిలితే రెండు సెకన్ల జరిమానా.
ఏ పిల్ల ఇల్లు ఏ మలుపులో ఉందో
నిద్రలో అడిగినా చెప్పేదాన్ని,
జెండా ఊపగానే
గుడ్డెద్దు చేలో పడ్డట్టు పడ్డాను.
బోర్డు మీద నా పేరు ఎదురుగా
సమయం రాయలేదు. దారి తప్పింది, అని రాశారు.

రెండోసారి డెబ్భై ఒక్క సెకన్లు, నాలుగు కోనులు.

అప్పుడు ఆర్విల్ పెన్నర్ వచ్చి పక్కన కూర్చున్నాడు.
కోతమిషన్లు బాగుచేసి రిటైరయిన మనిషి.
భార్య కారే తెస్తాడు, వెనక అద్దం దగ్గర టిష్యూ పెట్టెతో సహా,
యాభై రెండు సెకన్లలో ఇంటికొస్తాడు.
సగం దూరం ఏమీ అనలేదు.
తర్వాత చెయ్యి చాచి
లోపలి అద్దాన్ని కప్పు వైపు తిప్పేశాడు.
"లోర్నా, వెనక ఎవరూ లేరు."

పంతొమ్మిదేళ్ళు.
అయిదు సెకన్లకోసారి అద్దంలోకి.
ఎవరు సీటెక్కారు, ఎవరు ఎవర్ని గిల్లారు,
చివరి సీట్లో కిటికీకి మొహం ఆనించి
చప్పుడు లేకుండా ఏడుస్తున్నదెవరు.
నాకు తెలియకుండా నా మెడ చేస్తున్న ఉద్యోగం అది.

ఆఖరిసారి
ఈ కోనుని కాదు, దాని తర్వాతిదాన్ని చూశాను.
చూసిన చోటికి చేతులు వెళ్ళాయి,
చేతుల వెనకే కారు, బుద్ధిగా.
యాభై ఎనిమిది.
చివర్లో ఒకటి తగిలింది, కలిపితే అరవై.
తొమ్మిది మందిలో తొమ్మిదో స్థానం.

మధ్యాహ్నం నారింజ జాకెట్టు వేసుకుని
వేరేవాళ్ళు పడేసిన కోనుల వెంట పరిగెత్తాను.
ఒక్కొక్కదాన్నీ సుద్దగీతల చతురంలో నిలబెట్టాలి.
ఒకదాని మీద నా కారు ఎరుపు ఉంది.
బొటనవేలితో రుద్దాను, పోలేదు.

రాత్రి నాలుగు బోల్టులు విప్పి రెక్క తీసేశాను.
డిక్కీకి కన్నాలు మిగిలాయి, టేపు అంటించాను.
యూనిఫాం ఇప్పుడు దానిమీదే ఇస్త్రీ చేస్తున్నాను,
అబద్ధం కాదు, సరిగ్గా సరిపోయింది.

సోమవారం. అద్దం దాని చోట అది ఉంది.
టోబిన్ సీటెక్కి నిలబడ్డాడు.
"కూర్చో" అన్నాను, చూడకుండానే.
ధాన్యం గోదాం మలుపులో
నాకన్నా ముందు నా చూపు తిరిగింది,
ఒక్క క్షణం, ఎవరికీ చెప్పకండి,
నలభై ఒక్క మంది లేరు.

పట్టాల దగ్గర ఆపాను.
తలుపు తెరిచాను.
గాలి, గోధుమ,
వెనక ఎవరో నవ్వు ఆపుకోలేకపోవడం.
విన్నాను.