ఫ్రిజ్‌లో తాళాలు

ధ్వని పట్టేవాడికి మొదటి శత్రువు ఫ్రిజ్.
పెరామాలో, ఓడల మరమ్మతు వాడకి ఎగువన,
అద్దెకు తీసుకున్న రెండు గదుల ఇంట్లో
ప్రతి షాట్‌కీ ముందు దాని ప్లగ్గు పీకి
నా స్కూటర్ తాళాలు లోపల గుడ్ల పక్కన పెట్టేవాణ్ణి.
మళ్ళీ ప్లగ్గు పెట్టడం మర్చిపోయి ఇంటికి పోలేను కదా.

డబ్బు పంతొమ్మిది రోజులకే ఉంది.
స్మరాగ్దా అమ్మమ్మ కుట్టుమిషన్ తప్ప అన్నీ అమ్మేసింది.
కథ పాతది, రెండున్నర వేల ఏళ్ల కిందటిది:
ఫలానా శవానికి ఎవరూ మట్టి ఇవ్వకూడదని రాజాజ్ఞ,
ఇచ్చి తీరతానని ఒక మొండి ప్రాణం.
మా సినిమాలో రాజు లేడు.
పోయిన కుర్రాడి తండ్రి ఉన్నాడు, టాక్సీ నడుపుతాడు,
"స్నేహితులు గేటు బయటే ఉండండి" అంటాడు, అంతే.
పదకొండేళ్లు అదే మంచం మీద రెండోవైపు పడుకున్నవాడు
గేటు బయట
పూలమ్మేవాళ్ల మధ్య నిలబడతాడు.

పాత నాటకంలో వంత పాడే పెద్దలు పదిహేనుమంది.
మాకు దొరికింది ఐదుగురు, రిటైరైన వెల్డర్లు,
మనిషికి రోజుకి ఇరవై యూరోలు, ఒక పూట భోజనం.
ముగ్గురికి చెవుడు. ఓడ పొట్టలో నలభై ఏళ్ల సుత్తిదెబ్బలు.
ఒకడు ముందు, ఒకడు వెనక, పద్యం చిందరవందర.
స్మరాగ్దా జుట్టు పీక్కుంది.
నేను హెడ్‌ఫోన్లలో విని, అలాగే ఉండనీ అన్నాను.
ఊరు ఒక్క గొంతుతో ఎప్పుడు మాట్లాడింది గనక.

వాళ్లకి కథ ముందే చెప్పాం, దాచలేదు.
కోస్మాస్ అనే ఆయన మీసం దువ్వుకుని
"ముద్దు సీనులో కూడా మేం పాడాలా?" అన్నాడు.
"లేదు, అప్పుడు మీరు చేపలు తింటుంటారు" అంది.
నిజంగానే తిన్నారు. ఆ టేకు పనికిరాలేదు,
ఒకటే ముళ్ల చప్పుడు.

శ్మశానంలో తీయడానికి పాదిరీ ఒప్పుకోలేదు.
తుక్కు యార్డు వెనక గొయ్యి తవ్వుకున్నాం.
తవ్విన కొద్దీ ఇనప పొట్టు, తుప్పు, గాజుపెంకులు.
కెమెరాకి అది మట్టిలా కనపడదు.
"రేపు తలా కాస్త మట్టి తెండి" అని పంపింది.

తెచ్చారు.
పెరటి మట్టి, పూలకుండీల మట్టి,
మేకప్ వేసే దోమ్నా బాల్కనీలో చచ్చిపోయిన నిమ్మమొక్కది,
వేళ్లతో సహా.
ఐదుగురిలో ఎప్పుడూ నోరు విప్పని త్రిఫోనాస్
ఆలివ్ నూనె డబ్బా నిండా తెచ్చాడు,
ఎర్రగా, మెత్తగా, జల్లించినట్టు.
"ఎక్కడిదిది?"
"వాడుకోండి" అన్నాడు.
"నా దగ్గర ఇంకా ఉంది."

అర్గీరిస్ పిడికెడు తీసి వదిలాడు.
నా మైకు గోతి అంచున ఉంది.
ఇనప పొట్టు మీద మట్టి పడితే చినుకులు మొదలైనట్టుంటుంది,
మట్టి మీద మట్టి పడితే ఏమీ ఉండదు.
ఆ ఏమీ లేని చోట, కెమెరా చూడని వైపు నుంచి,
ఒక పేరు.
మగ పేరు, ఒక్కసారే.
స్క్రిప్టులో లేని పేరు.

చోటు మారేముందు
ఒక నిమిషం ఖాళీ శబ్దం పట్టుకోవాలి,
అందరూ కదలకుండా నిలబడాలి.
నిలబడ్డాం పద్దెనిమిది మందిమి, గొయ్యి చుట్టూ.
త్రిఫోనాస్ టోపీ తీశాడు.
అది చూసి కోస్మాస్ కూడా తీశాడు, ఎందుకో తెలియకుండానే,
లేకపోతే తెలిసే.
సలమీనా వెళ్లే పడవ కూత వేసింది. నిమిషం పాడైంది.
మళ్ళీ మొదలుపెట్టాం.

ఆ రాత్రి స్కూటర్ దాకా వెళ్లి జేబులు తడుముకున్నాను.
తాళాలు గుడ్ల పక్కనే ఉన్నాయి. పాలు విరిగిపోయాయి.
ప్లగ్గు పెట్టగానే ఫ్రిజ్ ఒళ్లంతా వణికి మూలిగింది,
పొద్దుట్నించీ ఊపిరి బిగబట్టి ఉన్నట్టు.
చాలాసేపు అక్కడే, దాని పక్కన నేల మీద కూర్చున్నాను.

ఎడిటింగ్‌లో స్మరాగ్దా ఆ చోట ఆగింది,
వెనక్కి తిప్పింది, మళ్ళీ తిప్పింది.
"ఇది తీసేద్దామా?"
మట్టి చప్పుడు తీయకుండా ఆ పేరు తీయలేమన్నాను.

అబద్ధం. రెండు నిమిషాల పని.