బొగ్గుల ఎండ

రాష్ట్రమంతా తడిసి ఆరి గొడుగులు మడిచినాక
మాకు మొదలవతాది.
జూన్‌లో అందరికీ తొలకరి, నెల్లూరికి వడగాడ్పు.
ఆగస్టులో మబ్బులు మా మీదగానే పోతాయి,
అప్పిచ్చినోడి వాకిలి ముందర నడిచినట్టు
తల దించుకొని, వడివడిగా.

దీపావళి మతాబులు సగం కాలినాయో లేదో
తూర్పు నించి చెమ్మగాలి.
టీవీలో ఆ పిల్ల నీలం పటం మీద చెయ్యి గుండ్రంగా తిప్పతాది.
కృష్ణపట్నం రేవులో మూడో నంబరు ఎగరేసినారంట.
మా ఆయన రాఘవులు
బొగ్గుల మూట అటక మీదికి ఎక్కిస్తాడు,
బంగారం మాదిరి.

నా ఇస్త్రీ బండి పొదలకూరు రోడ్డులో
మందుల షాపు మెట్ల కింద.
మిగతా నెలలు ముడతలు తీసేదాన్ని,
ఈ రెండు నెలలు తడి తీసేదాన్ని.
"ఆరలేదబ్బా, కాస్త గట్టిగా అద్దు" అంటా
ఊరు తన చెమ్మంతా తెచ్చి నా బల్ల మీద పోస్తాది.
ఎవురి మూట యాడిదో వాసనే చెప్పేస్తాది:
సంతపేట చొక్కాలో ఎండుమిరప ఘాటు,
ములాపేట మిద్దెలో ఫ్యాను కింద ఆరేసిన లంగాలో ముక్కిన వాసన,
హాస్టలు పిల్లోడి ప్యాంటులో
బకెట్లో మూడ్రోజులు మరిచిపోయిన సబ్బు.
జిలానీ కానిస్టేబులు ఖాకీ మాత్రం
ఎంత రుద్దినా వాననే కక్కతాది.
ఆయన డ్యూటీ రైలు బ్రిడ్జి కింద,
నడుముల్లోతు నీళ్ళలో ఆటోలను వెనక్కి తిప్పేది.

కలెక్టరు సెలవిచ్చినాడంటే పిల్లకాయలు ఎగరతారు.
నేను వేళ్ళు మడుస్తాను,
ఎన్ని యూనిఫారాలు పోయినాయో.
నా తిట్లు విని వసుంధర టీచరు కసురుకుంటాది,
"తిట్టబాకు మే, రోహిణి కార్తెలో దీన్నే తలుచుకుంటావు."
నిజమే. అయినా తిడతాను.
ఇంట్లోవాళ్ళని కాక ఎవుర్ని తిడతాం?

ఆ ఏడు సోమశిల గేట్లెత్తినారు.
రాత్రి రెండింటికి పెన్న మా వీధిలోకి వచ్చింది,
చెప్పులు చేతబట్టుకొని ఇంట్లోకి దూరే తాగుబోతు మాదిరి,
సడి లేకుండా.
రాఘవులు బొగ్గులు మోసినాడు, నేను పెట్టె మోసినా.
మున్సిపల్ బడిలో మూడు రాత్రులు.
పులిహోర పొట్లాలు, దోమలు,
నూటయాభై మందికి ఒకటే దొడ్డి.

నీళ్ళు తీసినాక బండికాడికి గుడ్డలు రాలేదు.
కాయితాలు వచ్చినాయి.
పెంచలయ్య పొలం పాసుబుక్కు.
మస్తాన్‌బీ రేషను కార్డు.
ఎవరో పిల్లోడి పదో తరగతి మార్కుల లిస్టు,
"చినిగితే కాలేజీలో చేర్చుకోరక్కా."
నిప్పులు సగం తీసేసి, పైన పాతచీర పరిచి,
పురిటిబిడ్డ వీపు నిమిరినట్టు నిమిరినా.
నాకు చదువు రాదు.
ఆ పొద్దు ఎన్ని అక్షరాలు నా చేతికింద ఆరినాయో.
దుడ్లు తీసుకోలా.
పెంచలయ్యే, కోతలైనాక
నాలుగు శేర్లు మొలగొలుకులు తెచ్చి
బండి మీద పెట్టి పోయినాడు, మాట్లాడకుండా.

కోటమ్మవ్వ ఒక ఫోటో తెచ్చింది.
పెళ్ళినాటిది, ఒక్కటే.
వద్దవ్వా అన్నా వినలా.
మెల్లిగానే అద్దినా. చీర జారింది.
ఎత్తి చూస్తే ఆయన మొహం
పెట్టె అడుక్కి అంటుకొనుండాది.
అవ్వ ఆ బొమ్మని చానాసేపు చూసి
"ఆరిందిలే" అనింది.
కొంగులో చుట్టుకొని పోయింది.

ఉప్పుతో రుద్దినా, మైనంతో రుద్దినా.
ఇనుము మీద గోధుమరంగు మచ్చ
ఇంకా ఉండాది. గుడ్డలకి అంటదు.

ఇప్పుడు ఏప్రిల్.
పెట్టె లోపల నిప్పులు, పెట్టె బయట నిప్పులు.
"ఏంది మే ఈ ఎండ" అంటా ఎవరో మూట పడేసినారు.
పది చొక్కాలు, రెండు పంచెలు.
సాయంత్రానికి కావాలంట.