మడవరాదు

చీమకుర్తి పోస్టాఫీసులో నా కిటికీ దగ్గర
రోజూ రెండు రకాల బరువులు.
బయట రోడ్డు అదిరేలా ట్రెయిలర్లు మోసేవి,
లోపల నా తక్కెట్లో తూగేవి.

ఇరవై టన్నుల నల్లరాయి
ఓడెక్కి పోవడానికి ఎన్ని సంతకాలు కావాలో నాకు తెలియదు.
ఇరవై గ్రాముల ఉత్తరానికి మాత్రం
తన్నీరు అంకమ్మ మూడుసార్లు తిరిగింది.
మొదటిసారి, అడ్రసు చాలదన్నాను.
రెండోసారి, చివరి లైను మీద వేలు పెట్టి
"ఇది ఊరా, దేశమా?" అన్నాను.
నాకూ తెలియకే అడిగాను.
మూడోసారి ఆమె వెంట పద్దెనిమిది మంది ఆడవాళ్ళు.
చెప్పులు గుమ్మం బయట విడిచారు,
గవర్నమెంటంటే అంత భయమో, మర్యాదో.

రాసింది ఖాజావలి కూతురు షాహీనా, ఇంటర్ రెండో ఏడు.
అంటించబోయే ముందు ఇంకోసారి చదవమన్నారు,
తాము చెప్పిన మాట తమ మాటగానే ఉందో లేదో చూసుకోవడానికి.

"అయ్యలారా, అమ్మలారా,
మనుషుల హక్కుల గురించి మీరు మాట్లాడుకునే హాలు
కంపెనీ క్యాలెండర్లో ఆగస్టు నెల బొమ్మగా వేశారు.
అందులో నేల మాది.
మూడో బెంచీలో తీసిన చుక్కల రాయి.
దానికి డ్రిల్లు కొట్టినోళ్ళు పదకొండు మంది.
ఇప్పుడు ఏడుగురున్నారని రాయమన్నారు,
ఉత్తరం పూర్తయ్యేలోపు ఆరుగురయ్యారు.
టీబీ అని మందులిచ్చారు. టీబీ కాదు.
నీళ్ళు పోస్తూ కొడితే దుమ్ము లేవదంట,
మీ దేశాల్లో అట్టానే కొడతారంట.
ఆ నీళ్ళు మాకూ పోయించండి."

నష్టపరిహారం మాట రెండో పేజీలో ఉంది.
రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి.

వారం తిరక్కుండా మేనేజరు వచ్చాడు.
కుర్చీ లాక్కుని, నా మంచినీళ్ళ సీసా ఎత్తి తాగి,
ఆ ఉత్తరం ఎవరేశారమ్మా అన్నాడు.
తపాలా విషయం బయటికి చెప్పకూడదండీ అన్నాను.
పంతొమ్మిదేళ్ళ సర్వీసులో
ఆ రూలు నోటితో పలకడం అదే మొదలు.
సాయంత్రం దాకా చేతులు వణుకుతూనే ఉన్నాయి,
ముద్రలన్నీ వంకరగా పడ్డాయి.

నాలుగు నెలలకు జవాబు.
'మీ లేఖ అందినది. నమోదు చేయబడినది.'
కింద ఒక నంబరు.
ఇంతేనా అన్నారు కొందరు.
అంకమ్మ మాత్రం ఆ నంబరు బట్టీ పట్టింది.
అచ్చు అక్షరాలకు దిగువ, ఓ మూల,
నీలం సిరాతో ఎవరిదో చేతిరాత.
షాహీనా కూడబలుక్కుని తెలుగులో చెప్పింది:
"మధ్యాహ్నం హాల్లోకెళ్ళి కిందికి చూశాను.
పన్నెండేళ్ళుగా దీని మీద నడుస్తున్నాను."
సంతకం లేదు.
ఉద్యోగం భయమేమో.
ఆ మనిషి ఎవరో గానీ, నాలాగే కౌంటరు వెనక మనిషి.

ఇవాళ అంకమ్మ పెద్ద కవరు తెచ్చింది.
లోపల ఒక ఫిల్ము.
కిటికీ వెలుతురుకెత్తి చూశాను.
నలుపు. ఆ నలుపులో
తెల్లటి నలుసులు, చల్లినట్టు, లెక్కలేనన్ని.
పాలిషు పట్టిన పలక ఇట్లాగే ఉంటుంది.
"రాయి ఫోటోనా? శాంపిలు పంపుతున్నారా?" అన్నాను.
"కాదమ్మా," అంది,
"మా ఆయన రొమ్ము."

మూలన ఒంగోలు ఆసుపత్రి వాళ్ళ అక్షరాలు:
టి. సింగయ్య, 41.

పాత రిజిస్టరు అట్టలు రెండు చింపి
ఫిల్ముకు అటూ ఇటూ పెట్టాను.
నంబరు ఆమే చెప్పింది, కాగితం చూడకుండా,
ఒక్కో అంకె దగ్గర ఆగి, నేను రాసేదాకా.
తూకం నూట నలభై గ్రాములు.
కొంగుముడి విప్పి ఇచ్చిన నోట్లు సరిపోలేదు,
తక్కువైంది ఎంతో ఇక్కడ రాయను.

కవరు మీద ఎర్ర సిరాతో
వాళ్ళ భాషలో ఒకసారి,
మన భాషలో ఒకసారి,
నా చేత్తోనే, పెద్దక్షరాలతో రాశాను:
మడవరాదు.