నా వంతు తిట్టు

నైట్ డ్యూటీ దిగినంక
ఆదివారం పొద్దున నేను సక్కగ ఇంటికి పోను.
స్కూటీ డిక్కీల పల్లిపిండి డబ్బా,
తడి మన్నుల ఎర్రలు.
పానగల్ కట్ట ఎక్కేసరికి
ఉదయసముద్రం ఇంక మొకం కడుక్కోదు.

కట్ట మీద ఎవ్వలు రాయని చట్టాలున్నయి.
ఒకని తంగుసు మీంచి ఇంకొకడు ఇసరద్దు.
మేత చల్లి కూసున్నోనికి
ఏడు మూరల లోపట ఎవ్వడు దిగద్దు.
"పడుతున్నయా?" అని అడగొచ్చు,
సంచి తెరిచి చూపియ్యమనద్దు.
పక్కోనికి బరువు తగిలితే
మన గాలం గుంజుకొని దారియ్యాలె,
కడుపుల మంటున్నా సరే
"పెద్దదే" అని ఒక్క మాటనాలె.

ఇవన్ని చూసి నేర్చుకున్నవే.
నా మీద మాత్రం ఏ చట్టం నడవదు.

నేను పోంగనే
చీకట్లొచ్చి పట్టుకున్న తూము పక్క బండ
ఇద్దయ్య ఇడిచిపెడ్తడు.
"కూసోండ్రి సిస్టరమ్మా, ఈడ నీడొస్తది."
ఖలీల్ భాయ్ అడగకుండనే
నా కొక్కేనికి ఎర్ర గుచ్చుతడు.
రాత్రంత నలభైమందికి సూదులు గుచ్చిన చేతులు
ఒళ్లె పెట్టుకొని కూసుంట నేను.
బెండు మునిగిందంటే ముగ్గురు ఉరికొస్తరు,
నా చేతుల కట్టె నా చేతులుండదు.
చేప ఒడ్డుకు పడ్తది, చప్పట్లు పడ్తయి,
"సిస్టరమ్మ పట్టింది!"
నేను పట్టింది
మంచినీళ్ల సీస.

ఎట్ల కొట్లాడుత?
ఒకపారి అన్న గూడ:
"ఇద్దన్నా, బండ వద్దు, వరుస చాలు."
"అయ్యో, గంత మాటనా!" అని
బండ మీద తువ్వాల పరిచిండు.

పోయిన ఎండకాలం ఒక్క రవ్వ కోసం
ఇద్దయ్య, ఖలీల్ భాయ్
నాలుగు వారాలు మాట్లాడుకోలె.
అయిదో వారం ఒకని బీడీకి ఇంకొకడు అగ్గిపుల్ల గీసిండు.
ఆ నాలుగు వారాలు చూస్తే
నాకు ఎంత కుళ్లో.

కార్తీకం ఎల్లిన మొదటి ఆదివారం
నకిరేకల్ దిక్కు నుంచి ఒక ముసలాయన దిగిండు.
చెవులకు మఫ్లర్, గీతలు వడ్డ అద్దాలు,
మనిషికన్న పాత వెదురు కట్టె.
నేనిసిరిన, గాలి తిరిగింది,
నా తంగుసు వొయ్యి ఆయన తంగుసును సుట్టుకుంది.

"ఎవర్రా అది! కండ్లేడ వెట్టుకున్నవ్?
గాలి ఎటున్నదో చూడకుంట ఇసురుడేనా?
గంటసేపటి మేత బురదల కలిపినవ్ గదనే!"

కట్టంత సల్లబడ్డది.
ఇద్దయ్య లేచిండు:
"ఓ పెద్దయ్యా, నోరు జాగ్రత్త,
ఆడమనిషి, దవాఖాన సిస్టరమ్మ."
ముసలాయన అద్దాలు తుడుసుకొని నన్ను చూసిండు.
"అయితే ఏంది?
ఆడమనిషైతే గాలి ఎదురు తిరగదా?"

నేను లేచిన.
"నువ్వు కూసో ఇద్దన్నా, ఈ లొల్లి నాది."
నా గొంతు నాకే కొత్తగ,
వార్డుల ఎన్నడు లేవని గొంతు:
"ఏడు మూరలున్నదా పెద్దయ్యా నీకు నాకు?
కొల్చి మాట్లాడు!"

కొల్చినం, నిజంగనే, మోకాళ్ల మీద.
ఆయన మూరతోని ఆరు,
నా పొట్టి మూరతోని ఏడుంపావు.
ఎవ్వరి చెయ్యి
వాళ్ల మీదనే సాక్ష్యం జెప్పింది.
దాని మీద ఇంకింత లొల్లి.

ఆఖరికి నీళ్ల అంచుకు కూసొని ముడి ఇప్పినం.
"కోసెయ్" అన్నడు.
"ఆగు" అన్న.
కుట్లు ఇప్పే వేళ్లు, ఎంతసేపు!
ఆయన మెదలకుంట దారం పట్టిండు.
నా కొక్కెం మఫ్లర్‌కు తుడిచి
ఒట్టిదే నా అరచేతుల పెట్టిండు.
ఖలీల్ భాయ్ ఎర్రతోని లేవబోయి
మళ్ల కూసున్నడు.

ఆ పూట ఒక్క పరక గూడ పడలె నాకు.
ఇంటికొచ్చి మా ఆయనకు
మూడుసార్లు చెప్పిన,
ఆ ముసలాయన నన్ను ఎట్ల తిట్టిండో.