ముప్పై ఏడు డిగ్రీల దగ్గర

ఏప్రిల్. కర్నూలు.
పొద్దున ఆరింటికి ల్యాబు తాళం తీస్తే
గోడ మీది పాదరసం ఇరవై తొమ్మిది.
మధ్యాహ్నం రెండింటికి నలభై మూడు.
ఫ్యాను తిరుగుతుంది, తిప్పేది వేడినే.

గాజుపలక మీద చిటికెడు పొడి,
ఎండిన గోరింటాకు దంచినట్టు పచ్చగా.
రాగి, వనేడియం, కాసిన్ని నీళ్ళు.
నెల రోజులు సీసా కదలనీయకుండా
షాహిదా పెంచిన ఖనిజం.

పాత బస్టాండు వెనక సుంకులమ్మ
నల్లమల వెదురుతో గంపలల్లుతుంది.
మూడు దిక్కుల నుంచి మూడు బద్దలు,
నడుమ ఆరు మూలల కన్ను,
కన్ను చుట్టూ ముక్కోణాలు.
పొడి లోపల రాగి కూచున్నది అచ్చం ఈ అల్లికలోనే.
గంట సేపు నిలబడి చూశాను.
"ఏం సామీ, గంప కావాల్నా, లెక్క కావాల్నా?" అనింది.

ప్రతి రాగికీ ఒకటే పంతం:
పక్కవాడు పైకి చూస్తే నేను కిందికి చూడాల.
ఇద్దరైతే తెగిపోయేది.
ముక్కోణంలో మూడోవాడున్నాడే,
వాడు ఎటు చూసినా ఒకరికి మాట తప్పినవాడే.
దీన్ని ఫ్రస్ట్రేషన్ అంటారు.
క్లాసులో ఆశాభంగం అని రాశాను,
వెనక బెంచీలో ఎవడో ఈల వేశాడు.
విసుగు అని దిద్దాను. అది నాది, రాయిది కాదు.
సుంకులమ్మ బద్ద చీలుస్తూ, తలెత్తకుండా
"ఇరకాటం" అనింది.
ఆ మాటను బోర్డు మీద ఇంకా చెరపలేదు.

"ఇరుక్కున్న బద్దను కొట్టకూడదు సామీ,
దాని పక్కదాన్ని రవ్వంత వదలాల."
రాయి కూడా అదే చేస్తుంది.
ముప్పై ఏడు దగ్గర, చల్లారేటప్పుడు,
రాగిని అంటిన ఎలక్ట్రాను పక్క మార్చి పడుకుంటుంది.
ఒక బంధం సాగుతుంది, ఒకటి దగ్గరవుతుంది,
ఇల్లు కాస్త ఒరుగుతుంది.
పోరు పోదు. సమానంగా ఉండదంతే.

చలి దేశాల వాళ్ళు దీనికి హీటరు పెడతారు.
మాకు కిటికీ తెరిస్తే చాలు.

పదకొండూ నలభైకి, పాదరసం ముప్పై ఆరున ఉండగా
కరెంటు పోయింది.
జనరేటరుకు డీజిలు లేదు, బిల్లు ప్రిన్సిపాలు బల్ల మీద ఉంది.
ఎక్స్‌రే యంత్రం ఆగింది,
ఎండ ఆగలేదు.
చీకటి పెట్టెలో, మా సాక్ష్యం లేకుండా
రాయి ఆవలి ఒడ్డుకు పోయింది.
షాహిదా పుస్తకంలో రెండు గంటల ఖాళీ,
దాని పక్కన పెన్సిలుతో: మారింది, చూడలేదు.

ఇక రాత్రి కోసం కాచుకోవడమే.
ఎక్కినదాన్ని దిగేటప్పుడైనా పట్టుకోవాల.
"మన ఒళ్ళు కూడా ముప్పై ఏడే కదా సార్" అంది.
అది డాక్టర్ల సబ్జెక్టమ్మా అన్నాను.
అని, తనటు తిరిగాక
నుదురు తాకి చూసుకున్నాను.

ఎనిమిదిన్నరకు వాళ్ళ నాన్న ఆటో తెచ్చి గేటు దగ్గర పెట్టాడు.
లోపలికి రమ్మంటే చెప్పులు విప్పి వచ్చాడు.
గోడలు ఇంకా వేడి కక్కుతున్నాయి.
ముప్పై ఎనిమిది. కొంచెం సేపటికి ముప్పై ఏడున్నర.
ఎవరం మాట్లాడలేదు.

తొమ్మిదీ పదికి, పొద్దున్నుంచీ చదునుగా ఉన్న చోట
గీత మీద చిన్న మొటిమ లేచింది.
షాహిదా ఊపిరి బిగబట్టింది.
"ఇదేనా?" అన్నాడు వాళ్ళ నాన్న.
ఇదే.
ఆయన వంగి చాలాసేపు చూశాడు,
తుండుతో మెడ తుడుచుకున్నాడు.
"పెద్దదవుతాదా?"

తెలీదు. కాయితం ఇంకా కదులుతోంది.