చెవి అందిన రోజు

బ్రాడీపేట నాలుగో లైన్లో బ్యాంకు.
టోకెను ముప్పై ఏడు.
"పుట్టిన తేదీ మస్తాన్‌బీ గారూ?"
ఏది చెప్పను?
అమ్మ లెక్కలో
మిరపకాయ కల్లాల్లో ఉన్నప్పుడు, ఓ శుక్రవారం.
సర్టిఫికెట్లో జూన్ ఒకటి.
మా క్లాసులో సగం మందిమి ఆ రోజే పుట్టాం.

ప్రత్తిపాడు బడి అరుగు మీద
జోజిబాబు మాస్టారు
"తల మీంచి చెయ్యేసి అటు చెవి పట్టుకోవే" అన్నాడు.
మూడున్నర నిండకుండానే అందింది,
మా నాన్న వైపు చేతులు పొడుగు.
"ఐదు" అని రాసేసుకున్నాడు.
పలక గుండెకి హత్తుకుని ఇంటిదాకా పరిగెత్తాను.

ఆ ఏడాదిన్నర
ఇవాళ కంప్యూటర్లోంచి బయటపడింది.
"సర్వీసు ఆరేళ్ళే ఉందమ్మా.
అంతలో తీరాలంటే నెలకి ముప్పై ఒక్క వేలు."
నా జీతం ముప్పై నాలుగు.
నల్లపాడు రోడ్డులో రెండు గదులు,
ఒక కిటికీ, తూర్పుకి.

"జతగా సంతకం పెట్టే చిన్నవాళ్ళెవరైనా?"
చెల్లెలుంది, రజియా.
దానికీ చేతులు పొడుగే.

ఇరవై ఎనిమిదేళ్ళుగా కొత్తపేట ఆసుపత్రిలో
పుట్టిన ప్రతి బిడ్డకీ
నిమిషంతో సహా టైము రాస్తున్నది నేను.
ఒక్కటీ కొట్టివేత లేదు.

మెట్ల మలుపులో
ఎవరూ లేకుండా చూసి
తల మీంచి చెయ్యేశాను.
భుజం కలుక్కుమంది.
వేలు కొప్పు దాటి
కమ్మ దాకా రాలేదు.

మాస్టారూ,
మీ లెక్కన నాకింకా
బడి ఈడు రాలేదు.