గీత పడదు

టెక్కలిలో టైల్స్ షాపు కుర్రాడు
బండి తాళంచెవితో పలక మీద బర్రున గీశాడు.
ఒకసారి, రెండుసార్లు,
మా అత్త తవిటమ్మ పళ్ళు జివ్వుమని చెవులు మూసుకునేదాకా.
నల్లటి చార పడింది. వేలితో తుడిచేశాడు.
"అది తాళందమ్మా, పలకది కాదు. దీనికి గీత పడదు."

నేను సంచిలోంచి నావి తీశాను.
చిన్న సీసాలో పసుపు కలిపిన ఆముదం,
నిన్నటి చింతపండు పులుసు,
కుట్టుమిషను కాలికి ఊడిన ఇనప బిళ్ళ.
మా ఇంట్లో ఏది కింద పడుతుందో వాడికేం తెలుసు?
రోకలి ఎంత ఎత్తునుంచి దిగుతుందో,
మా గుంట హంసవేణి స్కూలు పెట్టెని కాలితో ఎలా తంతుందో,
గాలి ఎటు తిరిగితే అటు
అత్త తన మంచాన్ని రోజుకి నాలుగుసార్లు ఎలా ఈడుస్తుందో.

పాలరాయి పసుపు తాగేసింది.
పులుసు పడ్డచోట దాని మొహం వెలిసింది.
విట్రిఫైడ్ గట్టిదే,
బిళ్ళ అంచున తగిలితే మాత్రం పెచ్చు లేచింది,
లోపల ఇంకో రంగు.
"గిల్టు గాజునాగుంది," అంది అత్త.

మా ఆయన కూర్మారావు నోరు విప్పలేదు.
పందొమ్మిదేళ్ళు గ్రానైటు పాలిష్ పట్టినవాడు.
భావనపాడులో వల లాగేవాడు
సంతలో చేప బేరమాడతాడా?
ఒక పలక ఎత్తి, గోటితో కొట్టి, విని, దించేశాడు.

బయట టీ బడ్డీ దగ్గర అన్నాడు:
"మన నీలిరాయుండగా ఇదేటి?
మా యూనిట్ ఎనకాల అంచుముక్కలు పోగులు పడున్నాయి,
ఓడెక్కనివి.
అడిగితే బండి అద్దెకే ఇచ్చీస్తాడు ఓనరు.
మూడు తరాలు తొక్కినా గీత పడదు.
రుద్దినోడిని, నాకు తెల్దా?"

గ్లాసు పట్టుకున్న చేతిని చూశాను.
మొన్న రేషన్ డిపోలో
మిషను ఆ బొటనవేలిని ఒప్పుకోలేదు.
కడుక్కోమన్నారు. జుట్టుకి రాసుకోమన్నారు.
పలకబలపం పట్టించినట్టు
పది వేళ్ళూ ఒక్కొక్కటే పెట్టించారు.
ఎర్రలైటే.
వరసలో ఎవరో "సబ్బుముక్కేటి బాబూ అది" అంటే
ఆయన కూడా నవ్వాడు.
నా వేలు పెట్టి బియ్యం తెచ్చుకున్నాం.

"రాయే తెద్దాం," అన్నాను. "పాలిష్ మాత్రం వద్దు."
"లేకండా?"
"కోసింది కోసినట్టే. గరుగ్గా."
"మురికి పట్టీస్తది. తుడవలేవు."
"తుడిచేది నేనే కదా."
"పిచ్చిదానా, దాని ధరంతా మెరుపే.
ఎవలెవలి ఇళ్ళకో అద్దాలు సేసి పంపినాను,
నా ఇంటికి..."
"అత్త జారుతుంది," అన్నాను మధ్యలోనే.
అది అబద్ధం కాదు.
అసలు సంగతీ కాదు.

ముక్కలు రెండు ట్రాక్టర్లు దిగాయి,
ఒకదాని కొలత ఇంకోదానికి లేదు.
"ఇది గచ్చేటి, గంతలబొంతేటి?" అని మేస్త్రి లచ్చుము తాపీ పడేశాడు.
"బొంతే," అన్నాను. నాకొచ్చిన పని అదే.
నేల మీద చతికిలబడి
ముక్క పక్కన ముక్క జత చూపించాను:
పొడుగువి గుమ్మం వైపు,
నీలం చుక్కలు ఎక్కువున్నవి అత్త మంచం దగ్గర,
మిషను కింద అన్నిటికన్నా మందంది.
ఒక మూల రెండంగుళాలు చాలక
సిమెంటుతో మాటు వేశాం.
ఇప్పటికీ ముందు అదే కనిపిస్తుంది నాకు.

గృహప్రవేశమైన మూడో రాత్రి మెలకువొచ్చి చూస్తే
పక్కన ఆయన లేడు.
దీపం వేయకుండా, చెప్పుల్లేకుండా
ఈ గోడనుంచి ఆ గోడకి
నెమ్మదిగా అరికాళ్ళు రాస్తూ నడుస్తున్నాడు.
"ఏటయింది?"
"ఏట్లేదు. తెలుస్తంది."
"ఏటి తెలుస్తంది?"
కొంతసేపు అడుగుల చప్పుడే.
"రాయి," అన్నాడు.